గాజుతొట్టిలో సముద్రము

కర్నూలు, కడప ప్రాంతములలో పుట్టి పెరిగిన బాలబాలికలలో సముద్రమును కన్నులార చూచినవారు కొలదిమందియే యుందురు. ఇచట వేసవి వచ్చినదనగా వాగులు ఎండును, బావులు అడుగంటును, ఆకాశమున చిన్న మేఘము కనబడినను రైతు చేతిపని నిలిపి తలయెత్తి చూచును. అట్టి సీమలో నున్న మనకు సముద్రముతోను, అందలి పగడములతోను పనియేమని మీకు తోచవచ్చును.

కాని మన యింటి నేలను ఒకసారి పరికింపుడు. మనము నిత్యము నడచు కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాతి జాతికి చెందినవి. అవి పూర్వమొకప్పుడు లోతులేని సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న సున్నము వలన ఏర్పడినవి. కడప జిల్లాలోని వేంపల్లె ప్రాంతమున ఇంతకంటె వింతయైన రాళ్లు కలవు. వాని కోతలో ఉల్లిగడ్డ పొరలవలె ఒకదానిపై నొకటి వంపులు తిరిగిన గీతలు కనబడును. వీనిని భూగర్భశాస్త్రజ్ఞులు స్ట్రొమాటొలైట్లని పిలుతురు. సుమారు 190 కోట్ల సంవత్సరములకు పూర్వము కంటికి కనబడని సూక్ష్మజీవులు సముద్రపు అంచున చాపలవలె పరచుకొని, సూర్యరశ్మితో ఆహారము చేసికొనుచు, ఒండ్రును సున్నమును పట్టి నిలిపి ఈ గుట్టలను కట్టినవి. అప్పటికి పగడపు జీవి లోకమున పుట్టనేలేదు. వెలుతురుతో బ్రదుకుచు సున్నముతో కట్టడములు కట్టు విద్యను పగడములకంటె ఎంతో ముందుగా నేర్చిన ప్రాణులు మన సీమలోనే యుండెడివి. కావున సముద్రము మనకు పరాయిది కాదు. అది మన కాళ్లక్రింద నిద్రించుచున్న పాత చుట్టము.

ఆ చుట్టమును ఈనాడు కొందరు చిన్న గాజుతొట్టిలో మరల ఇంటికి పిలుచుకొనుచున్నారు. ఉప్పునీటితో నింపిన తొట్టిలో రాళ్లు పేర్చి, వానిపై పగడములను పెంచుట ఒక ముచ్చట. అంతకుమించి యొక శాస్త్రము. 1961వ సంవత్సరమున ఇండోనేషియా దేశములోని జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ అను నతడు తన తొట్లలో సముద్రపు సజీవశిలలను, గాలిబుడగలను ఉపయోగించి సముద్రజీవులను పెంచు విధానమును వ్రాసి ప్రకటించెను. ఆ రాళ్ల రంధ్రములలో నివసించు సూక్ష్మజీవులే నీటిలోని మాలిన్యమును హరించుచున్నవి. యంత్రముకంటె జీవరాశియే నీటిని చక్కగా శుభ్రపరచునను సత్యము ఆనాటినుండి పెంపకందారులకు బోధపడ నారంభించెను.

పగడమన్నంతనే మనకు హారములోని ఎర్రని పూస జ్ఞప్తికి వచ్చును. ఆ పూస ఒక జాతి పగడము కట్టుకొన్న గట్టి కాండము. దానిని కట్టిన జీవులు పాలిప్‌లనబడు చిన్న చిన్న ప్రాణులు. ఒక్కొక్క పాలిప్ పూవువలె విచ్చుకొని, నోటిచుట్టు ఎనిమిది స్పర్శకములను చాచి యుండును. తోటలోని పూవు కదలదు. ఈ పూవు మాత్రము తాకినచో ముడుచుకొనును. మెత్తని పగడములు ఈ ఎనిమిది చేతుల వంశములోనివే. కాని వీనికి గట్టి కాండము లేదు. కండలో సన్నని సున్నపు సూదులు మాత్రము చెదరియుండును. వానిలో తోలు పగడమనునది పుట్టగొడుగువలె మందమైన కాడపై గొడుగు విప్పుకొని నిలుచును. ఆ గొడుగునిండ పాలిప్‌లు నీటి కదలికకు పచ్చిక బయలువలె ఊగుచుండును.

ఈ జీవులకు ఒక గొప్ప రహస్యము కలదు. వాని దేహములో కోట్లకొలది ఏకకణ శైవలములు, అనగా కంటికి కానరాని నాచు కణములు, కాపురముండును. అవి వెలుతురు సహాయమున చక్కెరను తయారుచేసి అందులో చాలభాగమును పగడమున కిచ్చును. పగడము వానికి నీడను, తాను విసర్జించు పదార్థములనుండి ఎరువును ఇచ్చును. ఈ యిచ్చిపుచ్చుకొనుట నిలిచియున్నంతవరకు పగడము కళకళలాడును. నీరు చెడినను, వేడి పెరిగినను ఈ పొత్తు చెడును.

ఇప్పుడు కర్నూలు పట్టణములో ఒక యింట 60 లీటర్ల తొట్టి కలదనుకొందము. అందు రెండు మూడు తోలు పగడములు మాఘమాసమంతయు చక్కగా విచ్చుకొన్నవి. చైత్రము వచ్చినది. ఒక ఉదయమున చూడగా వాని గొడుగులు వాలియున్నవి. పాలిప్‌లు ఒక్కటియు పైకి రాలేదు. రంగు వెలవెలబోయినది. ఇంటివారికి కంగారు పుట్టినది. ఒకరు నీరంతయు పారబోసి క్రొత్తనీరు పోయుదమనిరి. ఒకరు దీపము పెంచుదమనిరి. మరియొకరు ఏదైన మందు వేయుదమనిరి. నాడి చూడకముందే మందు పోయు వైద్యుని చేతిలో రోగికి ఏ గతి పట్టునో, ఈ మూడు పనులు ఒక్క దినముననే చేసినచో ఆ పగడములకును అదే గతి పట్టును.

మొదట చేయవలసినది చూచుట. తోలు పగడమునకు పాము కుబుసము విడిచినట్లు అప్పుడప్పుడు పైపొరను విడుచు స్వభావము కలదు. ఆ దినములలో అది ముడుచుకొని, మైనము పూసినట్లు మెరయుచు, పాలిప్‌లను దాచుకొని యుండును. కొన్ని దినములకు, ఒక్కొక్కప్పుడు వారమునకు పైగా గడచిన పిమ్మట, ఆ పలుచని పొర ఊడిపోయి క్రొత్త కళతో విచ్చుకొనును. పైపొరతో పాటు దానిపై పట్టిన నాచును మురికియు తొలగిపోవును. ఇది రోగము కాదు. అట్టి సమయమున నీటి ప్రవాహము చక్కగా సోకునట్లు చూచిన చాలును. కాని కండ కరగుచున్నను, గోధుమరంగు జిగురు కారుచున్నను, దుర్గంధము పుట్టినను అది నిజమైన ఆపద యని తెలిసికొనవలెను.

ఆపద నిజమైనప్పుడు దానికి కారణము చాలమారులు పగడములో నుండదు, నీటిలో నుండును. మన సీమలో మొదట అనుమానింపవలసినది ఉప్పు. ఒక లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండును. మన 60 లీటర్ల తొట్టిలో నున్నది 2,100 గ్రాములు. పొడిగాలికి నీరు ఆవిరియగును, ఉప్పు ఆవిరికాదు. 6 లీటర్లు ఆవిరియైనచో ఆ 2,100 గ్రాములు 54 లీటర్లలోనే యిమిడి యుండవలెను. అప్పుడు లీటరుకు దాదాపు 39 గ్రాములగును. తెలియనివారు ఆ లోటును ఉప్పునీటితోనే పూరింతురు. అట్లు 6 లీటర్లు పోసిన తొట్టిలో మరి 210 గ్రాములు చేరును. రెండుమారులు చేసినచో లీటరుకు 42 గ్రాములు! చూపునకు నీరు నిర్మలముగానే యుండును; పగడము మాత్రము ఉప్పులో ఊరగాయ అగుచుండును.

ఈ సంగతి మన రైతులకు క్రొత్తది కాదు. మురుగు పోవు దారిలేని పొలములో నీరు నిలిచి ఎండకు ఆవిరియైపోగా, ఉప్పులు పైకి తేలి నేల చౌడు బారును. పొలమున చౌడుకు ఏది కారణమో తొట్టిలో పగడము వాడుటకును అదియే కారణము. కావున ఆవిరియైన నీటికి బదులుగా ఉప్పు కలియని శుద్ధజలమునే ప్రతిదినము కొంచెము కొంచెముగా పోయవలెను. ఇదివరకే ఉప్పు హెచ్చియున్నచో ఒక్కసారిగా దించరాదు. ఎండుద్రాక్షను మంచినీట వేసిన ఉబ్బుట మీరెరుగుదురు. పగడపు కణములును అట్లే నీటిని పీల్చి దెబ్బతినును. రోజుకు ఒకటి ఒకటిన్నర లీటరు ఉప్పునీటిని తీసి, అంతే శుద్ధజలమును పోయుచు, లీటరుకు ఒక గ్రాము చొప్పున తగ్గించుట క్షేమము. 42 నుండి 35కు దిగుటకు వారము దినములు పట్టును. ఆ వారమే చికిత్స.

శుద్ధజలమనగా ఏది? సున్నపురాతి నేలలగుండ వచ్చిన మన బావినీటిలో సున్నము విస్తారముగా కరగియుండును. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుటయే అందులకు సాక్ష్యము. కుళాయినీటిలో క్రిములను చంపుటకై కలిపిన క్లోరిన్ ఉండును. అందుచేత సన్నని పొరగుండ వడగట్టు ఆర్.ఓ. యంత్రపు నీటిని వాడుదురు. మరియొక జాగ్రత్త కలదు. మన యిండ్లలో రాగిబిందెలో నీరు నిలువచేయుట ఆచారము. ఆ నీటిని తొట్టిలో పోయరాదు. నీటిలో కరగిన రాగి మిక్కిలి స్వల్పమైనను పగడములకు, రొయ్యలకు, నత్తలకు విషము. చేపల రోగములకు వాడు కొన్ని మందులలోను రాగి యుండును. అట్టి మందు చేపను బ్రదికించి పగడమును చంపును.

రెండవ శత్రువు వేడి. ఈ పగడములకు హితమైన నీటి వేడిమి 24 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు. మన యూళ్లలో వేసవిగాలి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. దేహములోని నాచు కణములతో పగడమునకు గల పొత్తు చెడును. అప్పుడది వానిని వెలుపలికి త్రోసివేసి తెల్లబారును. తెల్లబారిన పగడము చచ్చినది కాదు, ఆకలితో నున్నది. వేడి త్వరగా తగ్గినచో నాచు కణములు మరల వృద్ధిచెందును, జీవి కోలుకొనును. ఆలస్యమైనచో మరణించును.

వేడిని తగ్గించుటకు మనకు తెలిసిన ఉపాయమొకటి కలదు. మట్టికూజాలోని నీరేల చల్లబడును? కూజా పైకి చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవును గనుక. తొట్టి మూత తీసి, నీటిపై చిన్న విసనకర్ర యంత్రమును తిప్పినచో నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడును. మన పొడిగాలిలో ఈ యుపాయము తేమగల సముద్రతీరమునందుకంటె చక్కగా పనిచేయును. కాని ఇందొక మెలిక యున్నది. నీరు ఎంత చల్లబడునో అంత ఎక్కువగా ఆవిరియగును. ఉప్పు అంత త్వరగా హెచ్చును. కావున విసనకర్ర పెట్టినవాడు శుద్ధజలము పోయుట మరువరాదు. ఒక ఉపకారము మరియొక బాధ్యతను వెంట తెచ్చును. తొట్టిని కిటికీలోని యెండకు దూరముగా నుంచవలెను. విద్యుత్తు నిలిచినప్పుడు నీటిని కదల్చుటకు ఘటముతో నడచు చిన్న గాలియంత్రమును సిద్ధముగా నుంచుకొనవలెను.

మూడవది మాలిన్యము. చేపల మలము, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా యగును. అది తీవ్రమైన విషము. రాళ్లలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రేటు కొంత హెచ్చినను మెత్తని పగడములు సహించును, అమ్మోనియాను సహింపవు. మేత తగ్గించి, వారమునకొకసారి పదవవంతు నీటిని మార్చినచో మాలిన్యము అదుపులో నుండును. క్రొత్తగా పోయు ఉప్పునీటి గాఢతయు, వేడిమియు తొట్టినీటితో సరిపోలవలెను. శుభ్రతపై మోజుతో నీటిని బొత్తిగా నిస్సారము చేసినను చిక్కే. మెత్తని పగడములకును వానిలోని నాచునకును కొంచెము పోషకము కావలెను. ఎరువు ఎక్కువైనను, బొత్తిగా లేకున్నను పైరు చెడుట మనమెరుగమా?

నాలుగవ కారణము ఇరుగుపొరుగు. కదలలేని మెత్తని పగడములు తమ చోటును కాపాడుకొనుటకై నీటిలోనికి కొన్ని విషపదార్థములను విడుచును. నీలగిరి చెట్టుక్రింద ఇతర మొక్కలు సరిగా పెరుగకపోవుట వంటిదే యిది. విశాలమైన సముద్రములో ఆ విషము కొట్టుకొనిపోవును. చిన్నతొట్టిలో నిలిచిపోయి పొరుగుజీవిని వేధించును. కావున వానిని దూరదూరముగా నుంచి, వడపోత సంచిలో శుద్ధిచేసిన బొగ్గునుంచినచో అది ఆ పదార్థములను చాలవరకు పీల్చుకొనును.

ఇన్ని చేసినను పగడములో ఒక భాగము కుళ్లుచున్నచో పదునైన శుభ్రమైన కత్తితో ఆ భాగమును కోసివేయవలెను. మిగిలిన మంచి ముక్కను చిన్నరాతికి వదులుగా కట్టి, నెమ్మదియైన ప్రవాహములో నుంచినచో గాయము మానును. కొన్ని వారములకు ఆ ముక్క రాతిని పట్టుకొని, చిన్న గొడుగు విప్పి, క్రొత్త పగడమగును. ఈ పని పెద్దలే చేయవలెను, అదియు చేతితొడుగులతో. ఏలయన పగడముల దగ్గరి చుట్టములలో కొన్నిటియందు మనుష్యులకును అపాయకరమైన విషమున్నది.

చికిత్సలో కడపటి మందు ఓర్పు. దినమునకొక మార్పు, వారమునకొక పరీక్ష. ఇంతకుమించి తొందర పనికిరాదు. ఒక పుస్తకమున ప్రతిదినము ఉప్పు, వేడిమి, పోసిన నీటి కొలత, పగడము విచ్చుకొన్న తీరు వ్రాసికొన్నచో ఏ మార్పు మేలుచేసెనో, ఏది కీడుచేసెనో తెలియును. ఆ కర్నూలు ఇంటివారు ఇట్లే చేసిరనుకొందము. మొదటివారము ఏ మార్పును కనబడదు. రెండవ వారమున వాలిన గొడుగు కొంచెము నిలుచును. పిమ్మట ఒక ఉదయమున అంచున నాలుగైదు పాలిప్‌లు తొంగిచూచును. వానకు కాచుకొన్న రైతునకు మొదటి మొలక కనబడినంత సంతోషము ఆ యింట కలుగును.

తొట్టిలో జరిగిన ఈ కథయే మహాసముద్రములో మహత్తరముగా జరుగుచున్నది. తమిళనాడు తీరమున తూత్తుకుడికిని రామేశ్వరమునకును నడుమ మన్నారు సింధుశాఖలో పగడపు తిట్టలతో కూడిన 21 దీవుల వరుస కలదు. పూర్వము సున్నము కొరకు అచటి పగడములను త్రవ్వి తీసిరి. అలల దెబ్బను ఆపు తిట్టలు తరిగిపోగా రెండు దీవులు నీట మునిగినవి. 1986లో ఆ ప్రాంతమును సముద్ర జాతీయోద్యానముగా ప్రకటించిరి. రాతి పగడములకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించుచున్నది. తూత్తుకుడి పరిశోధకులు బ్రతికియున్న పగడపు ముక్కలను సిమెంటు పలకలకు కట్టి సముద్రపు అడుగున నాటి, పాడైన తిట్టలను తిరిగి పెంచుచున్నారు. అయినను 1998, 2010, 2016 సంవత్సరములలో సముద్రజలము వేడెక్కినప్పుడు మన దేశపు పగడములు విరివిగా తెల్లబారినవి. 2023లో ఆరంభమైన వేడి ప్రపంచమందలి అనేక సముద్రములలో పగడములను మరల అదే దుఃస్థితికి తెచ్చినది.

తొట్టిలో వేడి పెరిగినచో విసనకర్ర పెట్టగలము. సముద్రముపై విసనకర్ర పెట్టువాడెవడు? అందుచేత ముచ్చటకొరకు సముద్రములోని పగడములను పెరికి తెచ్చుట తగదు. పెంచదలచినవారు తొట్లలోనే ముక్కలనుండి పెంచిన, చట్టము అనుమతించు మెత్తని పగడములను మాత్రమే తెచ్చుకొనవలెను. వానిని పోషింపలేనివారు చూచి ఆనందించుటతో తృప్తిచెందుట మేలు.

బాలలారా! సముద్రము తన విస్తారముచేతనే నిలకడగా నుండును. ఆరు లీటర్లు ఆవిరియైన దానికి లెక్కలేదు. చిన్నతొట్టికి అట్టి విస్తారము లేదు. దాని నిలకడ అంతయు పోషించువాని శ్రద్ధలో నున్నది. నీటి విలువ మన సీమవారికంటె ఎవరికి ఎక్కువ తెలియును? బిందెడు నీటిని పొదుపుచేయు చేతులకు గిన్నెడు నీటిని సమయమునకు పోయుట కష్టము కాదు. ఒకప్పుడు సముద్రమునకు అడుగైన ఈ నేలపై నిలిచి, ఆ సముద్రపు చిన్న ప్రాణి నొకదానిని తిరిగి విచ్చుకొనజేసినవాడు, పెద్ద సముద్రమునకు మన మెంత బాకీపడితిమో తప్పక గ్రహించును.

ప్రశ్నలు

1. సముద్రము మనకు “పాత చుట్టము” అని రచయిత యేల చెప్పెను?
2. పగడమునకును దాని దేహములోని నాచు కణములకును గల పొత్తును వివరింపుడు.
3. 60 లీటర్ల తొట్టిలో 3 లీటర్ల నీరు ఆవిరియైనచో లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పు ఉండును? లెక్కకట్టి చెప్పుడు.
4. పొలము చౌడు బారుటకును, తొట్టిలో పగడము వాడుటకును గల పోలిక యేమి?
5. “తెల్లబారిన పగడము చచ్చినది కాదు, ఆకలితో నున్నది” అను వాక్యమును వివరింపుడు.